ఎనిమిది తగ్గింది

మొన్న మా మిక్సీ ఆగిపోతే బాగుచేసే అతన్ని పిలిచాను. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, భుజాన రెక్సిన్ సంచి. మిక్సీని బోర్లించి, అడుగున నాలుగు స్క్రూలున్నాయని చూసుకుని, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇప్పండమ్మా," అన్నాడు. ఆ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎదటివాళ్ళ చేతే మూత విప్పించే అలవాటున్న మనిషిని అనకాపల్లి మొత్తం మీద ఒక్కరినే ఎరుగుదును.

"మిషన్ల బూబమ్మ నీకేమవుతుంది?" అన్నాను.

"మా మేనత్తండి," అన్నాడు. మిక్సీని నా వైపు జరిపి, "మొన్న రంజాను ముందర పోయిందండి," అన్నాడు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాక తెలిసింది, ఆవిడ ఎక్కడ పుట్టిందో, ఎంతమంది పిల్లలో, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకుందో నాకేమీ తెలియదని. నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ మాత్రం నన్ను అడగని ప్రశ్న లేదు. మా ప్రింటరు ఇంకుని కాగితం మీదికి ఎలా ఊస్తుందో అడిగింది. ఫ్యాను ఒక పక్కకి తిరిగితే గాలి కిందికొస్తుంది సరే, రెండో పక్కకి తిరిగితే ఎక్కడికి పోతుందని అడిగింది. కళ్ళాసుపత్రిలో డాక్టరు ఏదో యంత్రం పెట్టి తన కంట్లోకి చూస్తుంటే, ఓసారి నన్ను అటుపక్క కూర్చోనివ్వండి, మీ కన్ను నేను చూస్తాను అని అడిగి చీవాట్లు తిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు చీవాట్ల గురించి ఆవిడకి ఏ బాధా లేదు. అటుపక్క నుంచి కన్ను ఎలా కనపడుతుందో తెలియకుండా పోయిందన్నదే బాధ.

ఊరంతా ఆవిడని మిషన్ల బూబమ్మ అనేవారు. నేను పిన్నీ అనేదాన్ని. కుట్టుమిషన్లు బాగుచేసేది. గవరపాలెంతో మొదలుపెట్టి ఊళ్ళో బోలెడు ఇళ్ళు, వారానికి రెండు రోజులు కోటవురట్ల బస్సో నాతవరం బస్సో ఎక్కి పల్లెలు. నల్ల బురఖా, సంచి పట్టీ రాసుకుని రాసుకుని ఎడమ భుజం మీద గోధుమరంగుకి తిరిగింది. సంచిలో నూనెడబ్బా, సూదుల పొట్లాలు, పాత పళ్ళ బ్రష్షు, ఎప్పుడూ ఉతికే ఉండే ఒక తెల్ల చేతిరుమాలు. విప్పిన స్క్రూలన్నీ విప్పిన వరసలోనే ఆ రుమాలు మీద పెట్టించేది.

మిషను ఎదుట కూర్చోగానే చిటికెనవేలి గోరు దాని మెడకి ఆనించి, "తొక్కు," అనేది. తొక్కితే కళ్ళు మూసుకుని వినేది. ఆవిడ లెక్కలో మిషన్లు మూడు రకాలుగా మాట్లాడతాయి. నవ్వుతాయి, గొణుగుతాయి, ఏడుస్తాయి. "గొణిగితే నూని సాలు. ఏడిత్తే ఇప్పాలి," అనేది. నవ్వే మిషను దగ్గర పనేమీ ఉండదు కదా, అయినా ఇంకో రెండు నిమిషాలు ఊరికే కూర్చుని వినేది. పైన గోరు ఆనించడం వరకే. లోపల మాత్రం వేలు పెట్టేది కాదు.

అప్పట్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, నాకు నెహ్రూచౌక్ దగ్గర సందులో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్లుబుక్కులు చేసేదాన్ని. ఆవిడ మొదటిసారి వచ్చింది కరపత్రం వేయించుకోడానికి. పైన 'కుట్టుమిషన్లు బాగుచేయబడును' అని, కింద అంతకంటే పెద్దక్షరాల్లో 'మీ మిషను మీ చేతనే విప్పించబడును' అని వేయమంది. నేను నవ్వాను. నాకు నోరు కాస్త దురుసు. ఇప్పటికీ తగ్గలేదు.

"విప్పడం మాకే వస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాం పిన్నీ?" అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సానా కాలం కిందట ఒక పెద్దింటోళ్ళ మిషను బాగుసేసేను. ఫారిన్‌ది. మూడోనాడు ఇంటిమీదకొచ్చేరు. లోపల దారం కండె తిరిగే అసలు షటిలు తీసీసి నాటుది ఎట్టీసేనంట. మా సామానంతా ఈదిలో ఎట్టించి ఎతికేరు. దొరకలేదు. దొరక్కపోతే అమ్మీసిందన్నారు."

"మార్చేరా మీరు?" అని అడిగాను చూడండి. అంత బుద్ధి నాది.

"లేదు," అంది. కోపం కూడా రాలేదు. "ఆ ఏడాది ఒక్క ఇల్లు నాకు తలుపు తియ్యలేదు. అప్పట్నించి లోపల నేను సెయ్యెట్టను. ఆళ్ళే ఇప్పుతారు, ఆళ్ళే బిగిత్తారు. నేను నోటితో పని సేత్తాను."

కరపత్రం ఆవిడ చెప్పినట్టే వేశాను. ఆ కింది వాక్యం నచ్చి పిలిచినవాళ్ళే ఎక్కువమందట. ఆవిడ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు తమ మిషను లోపల ఏముందో మొదటిసారి చూసుకునేవారు. ఆ తర్వాత ఆవిడ ఆ సందులోంచి వెళ్ళినప్పుడల్లా నా గదిలోకి వచ్చి, నా వెనక నిలబడి, తెరమీద అక్షరాలు ఎలా పెరుగుతున్నాయో ఎలా తరుగుతున్నాయో చూసి, రెండు ప్రశ్నలు అడిగి వెళ్ళేది.

నా కంప్యూటరుకి ఉన్నది నూట ఇరవై ఎనిమిది ఎంబీ మెమరీ. కొన్నప్పుడు అదే గొప్ప. శుభలేఖ మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఫొటోలు వేయించుకునే సరదా మొదలయ్యాక నా కష్టాలు మొదలయ్యాయి. ఫొటో తెరిస్తే చాలు, కంప్యూటరు డబ్బా లోపల గరగరమంటూ ఏదో తిరిగేది. తెరమీద ఇసుక గడియారం బొమ్మ ప్రత్యక్షమై కదిలేది కాదు. ఎదురుగా పెళ్ళివారు, మధ్యలో ముక్కు వరకే వచ్చి ఆగిపోయిన పెళ్ళికొడుకు. ఎంతసేపని నవ్వుతూ కూర్చుంటాను?

వైజాగ్‌లో డబ్బా అమ్మినతనికి ఫోన్ చేస్తే, మెమరీ పెంచాలి, డబ్బా పట్టుకొచ్చి నాలుగు రోజులు ఉంచి వెళ్ళండి అన్నాడు. శ్రావణమాసం ముహూర్తాలు నెత్తిమీద ఉంటే నాలుగు రోజులు షాపు మూసుకోవడం నావల్ల కాదు. పోనీ ఆ మెమరీ కడ్డీ ఒక్కటీ ఇవ్వండి, నేనే పెట్టుకుంటాను అంటే, "మీరా మేడమ్?" అన్నాడు. ఆ 'మీరా' నాకు ఒళ్ళు మండించింది. బస్సెక్కి వెళ్ళి, వేరే షాపులో ఇంకో నూట ఇరవై ఎనిమిది ఎంబీ కడ్డీ కొనుక్కుని వచ్చాను. జానెడు లేని ఆకుపచ్చ పలక, మీద నల్లటి చిప్పులు, అడుగున వరసగా బంగారు రంగు పళ్ళు.

ఇంటికి తేగానే మా అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. కొత్తదేదైనా మా ఇంట్లో ముందు అక్కడికే వెళ్ళాలి. మర్నాడు పొద్దున్నే సెంటరుకి వెళ్ళి, కరెంటు వైరు పీకి, డబ్బా పక్క రేకు విప్పి, కడ్డీని పాతదాని పక్క గాడిలో పెట్టి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. డబ్బా మాత్రం పొడుగ్గా కూయడం మొదలుపెట్టింది. తీసి మళ్ళీ పెట్టినా అదే కూత. ఎదటి కిళ్ళీకొట్టులోంచి ఇద్దరు తొంగిచూశారు. మూతలు విప్పడం తెలిసిన మనిషి నాకు ఒక్కరే. ఆవిడకి కబురు పెట్టాను.

"ఏడుత్తంది," అంది గుమ్మంలోకి వస్తూనే. బల్లమీద రుమాలు పరిచింది. "ముందర కరెంటు తీసీ. తీసి, ఏటి సేసేవో అదంతా మళ్ళీ సేసి సూపించు."

నేను డబ్బా లోపల చెయ్యి పెట్టే ముందు పక్కనున్న ఇనుప చట్రాన్ని ఓసారి తాకాను. అంతే, పని అక్కడ ఆగిపోయింది.

"అది ఎందుకు ముట్టుకున్నావు?"

"మన ఒంట్లో కొంచెం కరెంటు ఉంటుందిట పిన్నీ. చిప్పులకి తగిలితే పాడైపోతాయట. ఇనుము ముట్టుకుంటే అందులోకి పోతుందని పుస్తకంలో రాసేరు."

"మన ఒంట్లోనా?"

"పాలిస్టర్ చీర విప్పుతుంటే చిటపటమంటుంది చూడండి, అదే."

ఆవిడ తన బురఖా అంచు పట్టుకుని విదిల్చి, చెవి దగ్గర పెట్టుకుని వింది. "ఇన్నాళ్ళూ అది గుడ్డలో ఉందనుకున్నాను," అంది. తర్వాత ఆ ఇనుప చట్రాన్ని తనూ ఓసారి తాకింది. "మరి ఈ కడ్డీ ఏటి సేత్తాది?"

"మెమరీ పిన్నీ. జ్ఞాపకం."

"కరెంటు పోతే?"

"అంతా మర్చిపోతుంది."

"మరదేటి గ్యాపకం?" అంది.

నిజమే కదా. నేను కాస్త ఆలోచించి, టైలరు షాపు ఊహించుకోమన్నాను. గుడ్డల తానులన్నీ బీరువాలో ఉంటాయి. డబ్బాలో హార్డ్‌డిస్కు అలాంటిది, కరెంటు పోయినా ఉన్నవి ఉంటాయి. కానీ కోయాలంటే తాను తీసి బల్లమీద పరవాలి. ఆ కటింగు బల్ల ఈ కడ్డీ. రాత్రి షాపు మూసేటప్పుడు బల్ల ఖాళీ చేసేస్తారు కదా, అలాగ.

ఆవిడ "బల్ల సిన్నదైతే కొంచెం పరిసి కోసి, మడతెట్టి బీరువాలో ఎట్టి, మళ్ళీ ఇంకోటి తీసి..." అని చేతులతో మడతలు పెట్టి చూపించి, "అందుకా ఆ గరగర?" అంది. ఆ గరగర ఎందుకో నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆవిడకి రెండు నిమిషాలు.

నేను కడ్డీ ఊడదీసి రుమాలు మీద పెట్టాను. ఆవిడ వంగి చూసింది, ముట్టుకోలేదు.

"పళ్ళమీద ఈ పచ్చదేటి?"

నేనూ అప్పుడే చూశాను. మా అమ్మ ఊరికే దేవుడి దగ్గర పెట్టి ఊరుకోలేదు. కడ్డీకి మూడుచోట్ల పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అదీ ఎక్కడ? బంగారంలా మెరుస్తున్నవి ఆ పళ్ళే కాబట్టి సరిగ్గా వాటిమీద.

"ఎట్టేరు, మంచిదే," అంది పిన్ని. "పళ్ళమీద కాకుండా నడ్డిమీద ఎట్టాల్సింది." ఆవిడ నవ్వలేదు, నేనే నవ్వాను. "రేడియోలో బేటరీ తగిలేకాడ మురికి పడితే రబ్బరుతో రుద్దిత్తాను. పెన్సిలు రబ్బరుందా?"

ఉంది. పళ్ళు మెరిసేదాకా రెండు వైపులా నా చేతనే రుద్దించింది. సరిగ్గా అప్పుడు బయట టైలరు మేస్త్రిగారు పిలిచారు. రెండు సందుల అవతల పది మిషన్ల షాపు ఆయనది. ఆ పది మిషన్లూ చూసేది పిన్నే, ఆవిడ తిండిలో సగం ఆ షాపు పెట్టేదే. ఆయన ఆర్డరు బుక్కు ప్రూఫు చూసుకోడానికి వచ్చారు. నేను ముందు అరుగు మీదికి వెళ్ళి, కాగితాలిచ్చి, తప్పులెక్కడున్నాయో మాట్లాడి, పది నిమిషాల తర్వాత లోపలికి వచ్చాను. ఆయన అరుగుమీదే కూర్చుని ప్రూఫు చదువుకుంటున్నారు. లోపల పిన్ని నేను వదిలి వెళ్ళిన చోటే కూర్చుని ఉంది. రుమాలు మీద కడ్డీ ఉంది.

గాడిలో పెట్టి నొక్కాను. లోపలి బోర్డు కిర్రుమని వంగితే భయపడి చెయ్యి తీసేశాను. "దిగలేదు. ఒక పక్కే దిగింది. నొక్కు," అంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ భయపడ్డాను. మూడోసారి ఆవిడ తన బొటనవేలు నా బొటనవేలి మీద పెట్టి నొక్కేసింది. టక్కుమంది. రెండు పక్కల క్లిప్పులూ వాటంతటవే లేచి కడ్డీని పట్టుకున్నాయి. ఆవిడ గబుక్కున వేలు వెనక్కి తీసుకుంది. ఆవిడ ఏ మిషను లోపలైనా చెయ్యి పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

స్విచ్చి వేశాను. కూత లేదు. తెర వెలిగింది. ఫొటో తెరిస్తే చకచకా వచ్చేసింది, గరగర లేదు. వైజాగ్ అతను కనపడితే మొహం మీద అనాలన్నంత సంబరం నాకు. మెమరీ ఎంతయిందో చూద్దామని మై కంప్యూటర్ మీద నొక్కి చూశాను. రెండువందల నలభై ఎనిమిది. రెండు నూట ఇరవై ఎనిమిదులు రెండువందల యాభై ఆరు కదా. వేళ్ళమీద మళ్ళీ లెక్కపెట్టాను.

"ఎనిమిది తగ్గింది పిన్నీ," అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగితే నేనెందుకవుతాను? "ఇందాక నేను బయటికెళ్ళినప్పుడు దీన్నేమైనా చేసేరా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

అందులోంచి ఎనిమిది గిల్లుకుని పోవడం కుదరదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఆ పది నిమిషాలు, ఆ సంచి, ఆవిడ నాకు చెప్పిన పాత షటిలు కథ. అవును, ఆ కథే. నన్ను నమ్మి చెప్పిన మాటని పట్టుకుని ఆవిణ్ణే అనుమానించాను. అరుగుమీద మేస్త్రిగారు తలెత్తి చూశారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "రేపొత్తానమ్మా," అని వెళ్ళిపోయారు.

పిన్ని లేచింది. సంచి తెచ్చి నా బల్లమీద బోర్లించింది. నూనెడబ్బా దొర్లుకుంటూ కీబోర్డు దాకా వెళ్ళింది. సూదుల పొట్లాలు, బ్రష్షు, బస్సు టిక్కెట్లు, తినకుండా ఉంచుకున్న రెండు బిస్కెట్లు. "సూసుకో," అంది. నేను వద్దు వద్దంటూనే చూశాను. కళ్ళు ఊరుకోవు కదా.

అన్నీ మళ్ళీ సంచిలో వేసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. తెరవైపు తిరిగి, ఆ అంకెని చాలాసేపు చూసింది.

"ఎనిమిది ఎక్కడికెల్లింది?" అంది. నన్ను కాదు, దాన్నే అడిగినట్టు. "ఇప్పు."

విప్పాను. "కొత్తది తీసీ. పాతదొక్కటే ఉంచు." ఉంచి వెలిగించాను. నూట ఇరవై. కొన్న రోజు నుంచీ అందులో ఉన్నది నూట ఇరవైయేనన్నమాట, నేనెప్పుడూ చూసుకోలేదు. "ఇది నేను రాకముందర్నించి ఉన్నదే కదా," అంది. "ఇప్పుడు కొత్తదొక్కటే." నూట ఇరవై. "రెండూ." రెండువందల నలభై ఎనిమిది.

ప్రతిసారీ వైరు పీకడం, ఇనుము తాకడం, విప్పడం, బిగించడం. ఆవిడ చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చివరికి నెమ్మదిగా చెప్పింది.

"కడ్డీల్లోనే తక్కువుంటే దీంట్లో ఒక ఎనిమిది, దాంట్లో ఒక ఎనిమిది, రెండూ కలిపితే పదహారు తగ్గాల. తగ్గింది ఎనిమిదే. కడ్డీలు సరిగ్గానే ఉన్నాయి. తీసుకునేది డబ్బా. నువ్వెన్ని ఎట్టినా ఎనిమిదే తీసుకుంటాది. ఎవరికంట అది? కనుక్కో."

కంప్యూటరు ముందు ఏనాడూ కూర్చోని మనిషి చెప్పిందీ మాట. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయిపోయింది పిన్నీ," అన్నాను.

"నాకెందుకు సెప్పడం? నేను తియ్యలేదని నాకు తెలుసు కదా," అంది చెప్పులు వేసుకుంటూ. "మేస్త్రి ముందర అన్నావు. మేస్త్రికి సెప్పు."

మర్నాడే వైజాగ్ అతనికి ఫోన్ చేసి కనుక్కున్నాను. తెరమీద బొమ్మ చూపించడానికి నా డబ్బాలో వేరే కార్డు లేదు. అందుకని ఉన్న మెమరీలోంచే ఎనిమిది దానికి పక్కన పెట్టుకుంటుంది, అంతే. ఆ ముక్క పిన్నికి చెప్పాలని కాళ్ళు లాగాయి. కానీ వెళితే 'మేస్త్రికి చెప్పేవా?' అని అడుగుతుంది. మేస్త్రిగారికి చెప్పాలంటే, నేను నోరు జారానని ఆ పది మిషన్ల మధ్య నిలబడి చెప్పాలి. రేపు వెళదామనుకున్నాను. ముహూర్తాలు అయ్యాక అనుకున్నాను. రేపొత్తానన్న ఆయన రాలేదు, ఆర్డరు బుక్కు తీసుకోడానికి మనిషిని పంపారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయనకి అసలు గుర్తే ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. రెండు సందులు నడవడానికి నాకు నాలుగు నెలలు సరిపోలేదు.

డిసెంబరులో ఓ సాయంత్రం ఆ షాపు ముందు నుంచి వెళుతున్నాను. లోపల క్రిస్మస్ బట్టల గుట్టలు. ఒక మిషను ముందు ఎవరో కొత్త మెకానిక్కు కూర్చుని, తనే విప్పుకుంటూ తనే బిగించుకుంటున్నాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళి మేస్త్రిగారి ముందు నిలబడి, అంతా చెప్పేశాను. ఎనిమిది తగ్గడం డబ్బా తీరేనని, పిన్ని తప్పేమీ లేదని.

మేస్త్రిగారు టేపు మెడలోంచి తీసి బల్లమీద పెట్టారు.

"నువ్వన్న మర్నాడే అక్క వచ్చిందమ్మా. 'నా మీద ఒక మాట పడింది, నువ్విన్నావు. ఆ అమ్మాయి వచ్చి ఆ మాట ఎనక్కి తీసుకునేదాకా నీ మిషన్లకాడికి రాను' అంది. నేను నమ్మలేదక్కా అన్నాను. 'నమ్మకపోయినా ఇన్నావు కదా' అంది. పోనీ నేనెల్లి ఆ అమ్మాయిని తీసుకొత్తానన్నాను. 'పిలిత్తే వచ్చినట్టు ఉండకూడదు' అంది." ఆయన కొత్త మెకానిక్కు వైపు చూసి గొంతు తగ్గించారు. "నాలుగు నెల్లు నీకోసమే సూసేను. మూడు మిషన్లు ఆగిపోయేయి. పండగ కుట్లు. ఇంకేటి సెయ్యను?"

నేను అక్కణ్ణుంచి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళాను. అరుగుమీద పక్కింటావిడ చేత గోడగడియారం విప్పిస్తోంది. నన్ను చూసి, "సెప్పేవా?" అంది.

"ఇప్పుడే చెప్పేను పిన్నీ."

"ఎనిమిది ఎవరికంట?"

నాలుగు నెలలు అర్ధాకలితో ఉన్న మనిషి నన్ను అడిగిన రెండో ప్రశ్న అది. చెప్పాను. తెరమీద బొమ్మకి పక్కన పెట్టుకుంటుందని, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదని. ఆవిడ మొహం విప్పారింది. "అదీ సంగతి," అంది, రెండుసార్లు. "మేస్త్రికి అర్తమయ్యిందా?"

"లేదు పిన్నీ. తల ఊపేరు."

"అయితే పద."

షాపులోకి వెళ్ళగానే మేస్త్రిగారి కటింగు బల్ల పక్కన నిలబడింది. "ఈ బల్ల పొడుగెంత?"

"ఆరడుగులక్కా."

"ఆరడుగులూ గుడ్డ పరుత్తావా?"

"ఎలాగ? ఈ మూల ఇస్త్రీపెట్టి, కత్తెర, చాకుపీసులు ఉంటాయి కదా."

"ఆ మూలే ఎనిమిది," అంది.

మేస్త్రిగారు బల్లనీ నన్నూ మార్చి మార్చి చూసి పెద్దగా నవ్వారు. మర్నాటి నుంచి ఆ పది మిషన్లూ మళ్ళీ ఆవిడవే. అంతటితో అయిపోయిందని నేను చేతులు దులుపుకున్నాను.

కానీ పిన్ని నా గదిలోకి మళ్ళీ రాలేదు. రోడ్డుమీద కనపడితే ఆగేది, ఎప్పటిలాగే వంద ప్రశ్నలు అడిగేది. లోపలికి రండి అంటే బస్సు టైమయ్యింది అనేది. ఏ వేళప్పుడు పిలిచినా ఏదో ఒక బస్సు ఉండేది.

రెండేళ్ళు గడిచాక మళ్ళీ మెమరీ చాలకుండా వచ్చింది. ఈసారి పాత రెండూ తీసేసి, రెండువందల యాభై ఆరువి రెండు తెచ్చాను. నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా ఆవిడ ఇంటికి వెళ్ళి పిలిచాను. ఊరికే చూడ్డానికి రండి పిన్నీ, అని బతిమాలాను.

వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. కుర్చీ వేశాను.

"ఇక్కణ్ణించి బాగా కనపడతంది. నువ్వు కానీ," అంది.

వైరు పీకాను. ఇనుము తాకాను. ఒక్కో పనీ పైకి చెబుతూ చేశాను. ఆవిడ మెడ సాచి, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది, మధ్యమధ్య ఎందుకంట అని అడుగుతోంది. పాత కడ్డీలు తీసి పక్కన పెడుతూ ఎందుకో తల తిప్పి చూశాను. ఆవిడ భుజాన సంచి లేదు.

"సంచేది పిన్నీ?"

"కిళ్ళీకొట్టులో ఎట్టేను."

అప్పుడు చూశాను ఆ చేతుల్ని. రెండు చేతులూ పైకెత్తి, గుమ్మానికి అటో అరచెయ్యి ఇటో అరచెయ్యి ఆనించి, వేళ్ళు విడదీసి పెట్టుకుని నిలబడి ఉంది. రోడ్డుమీద వెళ్ళేవాళ్ళకి, కిళ్ళీకొట్టు దగ్గరున్నవాళ్ళకి, నాకు, అందరికీ ఆ పది వేళ్ళూ కనపడుతున్నాయి. నేను విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ అలాగే ఉందని అప్పుడు తట్టింది. నాకు ఏడుపొచ్చింది. దించండి పిన్నీ అనడానికి నోరు రాలేదు, ఎప్పుడూ నా కంటే ముందు పరుగెత్తే నోరు. చేతనైనంత తొందరగా కొత్త కడ్డీలు రెండూ నొక్కి, రేకు బిగించి, స్విచ్చి వేశాను.

"ఎంత సూపిత్తంది?" అంది గుమ్మంలోంచి.

"ఐదువందల నాలుగు."

"ఐదువందల పన్నెండు ఉండాల కదా. ఎనిమిది తగ్గిందా?"

"తగ్గింది పిన్నీ."

"సరిగ్గా ఉంది," అంది. అప్పుడు రెండు చేతులూ దించి, తిమ్మిరెక్కిన వేళ్ళు ఒకదానితో ఒకటి నొక్కుకుంటూ, సంచి కోసం రోడ్డు దాటింది.